పంటి దర్దుకు పట్నం పోవాల్సిందేనా?

పోయిన రంజాన్‌లో మా ఖాలా పంటి దర్దుతోనే రోజాలు పూర్తి చేసింది. భువనగిరిలో ఉంటుంది. అరవై దాటిన మనిషి. సహరీలో ఒక నొప్పి గోలీ, ఇఫ్తార్‌లో ఒక నొప్పి గోలీ. పగలు లవంగం కూడా పెట్టుకోలేదు, రోజా టూటిపోతుందని భయం. ఒక రాత్రి తరావీహ్‌కు పోయే ముందు ఫోన్ చేస్తే ఆమె కోడలు ఎత్తింది. "అమ్మీకి నోరు తెరుచుకుంటలేదు భాయిజాన్, బుగ్గంతా వాచింది" అన్నది. రేపే దవాఖానాకు తీసుకుపోదాం అన్నాను. వెనకనుంచి ఖాలా గొంతు వినబడింది. "నక్కో బేటా, ఈద్ హోనే దేవ్." ఈద్ కానియ్యాలట.

బీమార్ మనిషికి రోజా విషయంలో రుఖ్సత్ ఉందని, తర్వాత ఖజా చేసుకోవచ్చని ఖాలాకు తెలియక కాదు. మా మసీదు ఇమాం సాబ్‌ను అడిగితే, మందు గాని నీళ్లు గాని గొంతు దిగకుండా చూసుకుంటే పంటి ఇలాజ్‌తో రోజాకు ఖతరా లేదన్నారు. అది కూడా చెప్పి చూశాను. అసలు సంగతి వేరే. పంటి కోసం పట్నం పోవాలంటే ఒక రోజు పాయె. తోడు ఎవరో ఒకరు పోవాలి, వాళ్ల మజ్దూరీ పాయె. ఈద్ ముందు ఇంట్లో అంత ఖర్చు పెట్టించడం ఆమెకు ఇష్టం లేదు. పంటి నొప్పి కదా, ప్రాణం పోతుందా అనుకున్నది. మన ఇళ్లలో ఆడవాళ్లు తమ తకలీఫ్‌ను ఎప్పుడూ ఇట్లనే తూకం వేస్తారు.

ఈద్ అయిన మూడో రోజు పొద్దున రైలెక్కించి సికింద్రాబాద్, అక్కడినుంచి ఆటోలో ఒక పళ్ల దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టర్ సాబ్ నోట్లోకి లైటు వేసి చూసి ముందు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "ఈ కట్టుడు పళ్లు ఎవరు పెట్టారమ్మా?"

ఏళ్ల కిందట బజారులో పెట్టె పట్టుకుని కూర్చునే ఒక మనిషి దగ్గర ఖాలా రెండు పళ్లు పెట్టించుకున్నది. ఆ సంగతి నాకూ తెలియదు. ఆయన చేసిందేమిటంటే, ప్లాస్టిక్ లాంటి ముద్ద కలిపి, అందులో రెండు పళ్లు గుచ్చి, పక్కనున్న మంచి పళ్లకు శాశ్వతంగా అతికించేశాడు. తీయడానికి రాదు, కడగడానికి రాదు. అన్నం మెతుకులు కింద చేరి కుళ్లి, చిగురు పుండై, ఆసరా ఇచ్చిన మంచి పళ్లు కూడా పుచ్చిపోయాయి. ఆ రోజు మూడు పళ్లు తీసేశారు. మొత్తం మూడుసార్లు పట్నం తిరిగాం.

చివరిసారి పోయినప్పుడు డాక్టర్ సాబ్ నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుతుంది. "మొదట్లోనే, చిన్న గుంత ఉన్నప్పుడే ఎవరైనా చూసి ఉంటే, పావుగంట పనండీ ఇది."

"ఎవరు చూడాలి సాబ్, మా ఊర్లో?" అని అడిగాను. ఆయన గ్లౌజులు తీస్తూ, "అదే కదా" అన్నాడు.

ఈ "అదే కదా" గురించే ఈ మజ్మూన్.

డాక్టర్ కాదు, కానీ తాలీం పొందిన మనిషి. నోరు చూసి పుచ్చు ఎక్కడ మొదలైందో చెప్పగలగాలి. గార తీయాలి, చిన్న గుంతలు నింపాలి, పిల్లల పాల పళ్లు తీయాలి, పుచ్చకుండా పూత వేయాలి. తనకు మించినదైతే "ఇది నా పని కాదు, డాక్టర్ దగ్గరికి పొండి" అని చీటీ రాసి పంపాలి. ఇట్లాంటి మనిషిని ప్రపంచంలో డెంటల్ థెరపిస్ట్ అంటారు. 50కి పైగా దేశాల్లో ఏదో ఒక పేరుతో వీళ్లున్నారు. మన దగ్గర లేరు.

ఈ కథ 1921లో న్యూజీలాండ్‌లో మొదలైంది. మొదటి జంగ్‌కు పోవాల్సిన జవాన్ల నోళ్లు చూసి అక్కడి హుకూమత్ బేజారైపోయింది. బచ్పన్‌లోనే పళ్లు చూడకపోతే లాభం లేదని, ఆడపిల్లలను తీసుకుని రెండేళ్లు తాలీం ఇచ్చి బడులకు పంపింది. స్కూల్ డెంటల్ నర్సులు అన్నారు వాళ్లను. బడి ఆవరణలోనే చిన్న గది, ఒక కుర్చీ, పిల్లల పళ్లు అక్కడే బాగుచేయడం. అప్పుడు కూడా డాక్టర్లు గుస్సా అయ్యారు. ఇప్పుడు అక్కడ అదే పనికి మూడేళ్ల డిగ్రీ ఉంది.

ముస్లింలు ఎక్కువగా ఉన్న మలేషియా 1949లోనే పెనాంగ్‌లో ఇట్లాంటి బడి తెరిచింది. బడి పిల్లల పళ్ల పని అక్కడ తరతరాలుగా ఈ నర్సుల మీదే నడిచింది. అమెరికాలో అలాస్కా ఉంది. చిన్న విమానం ఎక్కితే తప్ప చేరలేని మంచు పల్లెలు. అక్కడి ఆదివాసీలు 2003లో తమ పిల్లలను న్యూజీలాండ్ పంపి ఈ హునర్ నేర్పించారు. తిరిగొచ్చి పని మొదలుపెడితే డాక్టర్ల సంఘం కోర్టుకెక్కింది. 2007లో తీర్పు థెరపిస్టుల వైపే వచ్చింది. రెండేళ్ల తర్వాత మిన్నెసోటా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసుకున్నది.

బ్రిటన్ ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ ముందు డాక్టర్ చూసి రాసిస్తేనే థెరపిస్ట్ చేయి పెట్టాలి. 2013నుంచి మరీజ్ నేరుగా థెరపిస్ట్ దగ్గరికే పోవచ్చన్నారు. 2024 జూన్‌నుంచి మత్తు సూది, ఫ్లోరైడ్ పూత లాంటి కొన్ని మందులు డాక్టర్ చీటీ లేకుండానే ఇవ్వొచ్చన్నారు, దానికి వేరే ట్రైనింగ్ పూర్తి చేస్తే. గమనించండి. ఒక్క రోజులో ఇచ్చిన ఇజాజత్ కాదిది. వాళ్ల పని చూసి, నమ్మకం కుదిరి, తాలీం పెంచి, ఆ తర్వాతే హద్దు జరిపారు.

ఇక మన దగ్గర. 1948 డెంటిస్టుల చట్టం పళ్ల పని చేసేవాళ్లను మూడు రకాలుగా చూసింది. డాక్టర్, హైజీనిస్ట్, మెకానిక్. మెకానిక్ కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. హైజీనిస్ట్ గార తీసి, పళ్లు శుభ్రం చేసి, ఎట్లా తోముకోవాలో చెప్తాడు. గుంత నింపడం అతని హద్దులో లేదు. 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం ఆమోదించింది. చట్టం మారిన ఈ సమయంలోనే, హైజీనిస్టుకూ డాక్టరుకూ మధ్య ఉన్న ఈ ఖాళీ జాగా గురించి మాట్లాడాలి. ఆ జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండదు మరి. మా ఖాలా నోట్లో ముద్ద అతికించినవాడు కూర్చున్నది సరిగ్గా అక్కడే.

నీమ్ హకీమ్ ఖతరా-ఎ-జాన్ అని మన పెద్దలు అన్నారు. ఈ మాట మీరు అనకముందే నేనే అనుకున్నాను. పేదలకు సగం డాక్టర్, అమీర్లకు పూరా డాక్టరా అని నాకూ కోపం వచ్చింది. జర్నలిస్టుగా పాతికేళ్లలో మన మొహల్లాలకు వచ్చే ప్రతి స్కీమూ సగం సగమే రావడం చూసినవాణ్ని. కానీ నీమ్ హకీమ్ ఎవరు? తన హద్దు తెలియనివాడు. నాలుగు పనులే నేర్చుకుని, ఆ నాలుగూ వందలసార్లు ఉస్తాద్ ముందు చేసి, అయిదోది వస్తే చేయి ఎత్తేసేవాడు నీమ్ హకీమ్ కాదు. ప్రసూతి వార్డులో మన ఆడవాళ్లకు కాన్పులు చేసే నర్సమ్మను ఎవరైనా సగం డాక్టర్ అంటామా?

వెయ్యేళ్ల కిందట అందలూస్‌లో, కుర్తుబా దగ్గర అబుల్ ఖాసిం అల్-జహ్రావీ అనే జర్రాహ్ ఉండేవారు. ఆయన కితాబ్ 'అల్-తస్రీఫ్'లో పంటి గార తీసే పనిముట్ల బొమ్మలున్నాయి. వదులైన పళ్లను బంగారు తీగతో కట్టే తరీకా ఉంది. పన్ను పీకడానికి తొందరపడొద్దనీ, నొప్పి ఏ పంటిదో మరీజ్‌కే సరిగా తెలియదనీ, తాలీం లేని మంగలివాళ్లు తప్పు పన్ను పీకి ఖరాబు చేస్తున్నారనీ ఆయన హెచ్చరించారు. ఆయన బాధ మంగలివాడు పన్ను ముట్టుకున్నాడని కాదు, నేర్చుకోకుండా ముట్టుకున్నాడని. అసలు తేడా అక్కడుంది.

దూర దేశాలు ఎందుకు, మన హైదరాబాద్‌లోనే నమూనా ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టింది. స్థానికంగా చదువుకున్న పిల్లలకు ఏడాది తాలీం ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెట్టింది. వాళ్లు ఆపరేషన్ చేయరు. చూపు పరీక్షిస్తారు, కళ్లద్దాలు రాస్తారు, మోతియాబిందు కనబడితే పై దవాఖానాకు పంపిస్తారు. 2018 ఆగస్టు 15న సర్కారు 'కంటి వెలుగు' మొదలుపెట్టినప్పుడు కూడా ఊరూరా టెంటు వేసుకుని చూపు పరీక్షించినవాళ్లలో ఆప్టోమెట్రిస్టులు ఎందరో. మా ఖాలా కళ్లద్దాలు అట్లా వచ్చినవే. ఇంటిముందుకొచ్చి కళ్లు చూసిన సర్కారు, ఆ కళ్లకు రెండంగుళాల కింద ఉన్న నోరు చూడలేకపోయింది.

మా జిల్లాకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ కథ మీకు చెప్పక్కర్లేదు. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపూర్ వైపు కూడా ఆ జహర్ తాగిన ఊళ్లున్నాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. దాటిన నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లల పళ్లు చిగురు కిందే, ఇంకా బయటికి రాకముందే చెడిపోతాయి. వచ్చేటప్పుడే సున్నపు మచ్చలతో, పసుపు చారలతో వస్తాయి. ఎంత తోమినా పోవు. 2016లో మొదలైన మిషన్ భగీరథ తర్వాత నది నీళ్లు వచ్చాయి, షుకర్. కానీ ముందే ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు మారవు కదా.

నాకు తెలిసిన ఒక ఇంట్లో అమ్మాయికి రెండు రిష్తాలు పళ్లు చూసి వెనక్కి పోయాయి. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది, ఖురాన్ షరీఫ్ చక్కగా చదువుతుంది. ఫొటో దిగాలంటే పెదవులు బిగిస్తుంది. నవ్వొస్తే దుపట్టా అడ్డం పెట్టుకుంటుంది. అందరూ హయా అనుకుంటారు. మచ్చలు తేలికగా ఉంటే పైపొర పల్చగా అరగదీసి, పంటి రంగు పూత వేసి చాలావరకు కనబడకుండా చేయొచ్చు. ఎంత లోతుందో చెప్పేవాళ్లు, అందులో ఏది అయ్యేపనో ఏది కాదో సాఫ్‌గా చెప్పేవాళ్లు దగ్గర్లో ఉంటే ఆ పిల్ల ఇన్నేళ్లు నోరు మూసుకుని ఉండేది కాదు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. పన్ను చూపించాలంటే నకాబ్ తీయాలి, వెనక్కి వాలి పడుకోవాలి, పరాయి మనిషి ముఖం మీదికి వంగుతాడు. జరూరత్ ఉన్నప్పుడు ఇలాజ్‌కు రోక్ లేదని ఎన్ని చెప్పినా, మన తల్లులూ చెల్లెళ్లూ నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగుతారు. ఇంటర్ బైపీసీ చదివి, నీట్ ర్యాంకు రాక, పట్నంలో హాస్టల్‌కు ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయిన మన అమ్మాయిలు మొహల్లాకు ఎందరున్నారో లెక్కపెట్టండి. వాళ్లకు బీబీనగర్ దూరమా? పొద్దున పోయి మగ్రిబ్‌కు ఇంటికి రావచ్చు. ఎయిమ్స్ అక్కడే ఉంది. నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీ ఉంది. అఫ్జల్‌గంజ్‌లో సర్కారు డెంటల్ కాలేజీ ఉంది. నేర్పే ఉస్తాదులకు మన దగ్గర కమీ లేదు.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. ఆ రోజు దవాఖానాలో నా పని తర్జుమానే. డాక్టర్ "సలుపుతుందా, జివ్వుమంటుందా?" అని అడిగితే ఆ తేడా నేను ఖాలాకు దక్కనీలో చెప్పడానికి తడబడ్డాను. "టీస్ మార్తా క్యా, ఝన్‌ఝనాతా క్యా" అని పక్క కుర్చీలో ఉన్న ఒక బీబీ అందుకున్నది. నొప్పికి సొంత జుబాన్ ఉంటుంది. మన గల్లీలో పుట్టిన పిల్ల ఆ కుర్చీ పక్కన ఉంటే సగం రోగం అడగడంలోనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఎతరాజ్‌కు వద్దాం, ఇది గట్టిది. బీడీఎస్ చదివిన పిల్లలే ఉద్యోగాల్లేక తిరుగుతున్నారు, దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఇక థెరపిస్టులు ఎందుకు? నా దోస్తు కూతురు బీడీఎస్ చేసి క్లినిక్ పెట్టే పైసలు లేక, నెలకు ఆటో డ్రైవర్ సంపాదన కూడా రాని నౌకరీ చేస్తున్నది. ఆ పిల్ల ముందు ఈ మజ్మూన్ చదవాలంటే నాకు షరమ్‌గానే ఉంది. కాబట్టి సాఫ్‌గా చెప్తున్నాను. డాక్టర్ పోస్టును కొట్టేసి సస్తాగా థెరపిస్టును పెడితే అది మోసం. దాన్ని నేనే ముందు ఖిలాఫ్ చేస్తాను.

అయితే డాక్టర్లు ఎక్కువున్నారు అంటున్నది ఎక్కడ? నగరాల్లో. అయిదేళ్ల చదువుకు లక్షలు పోసిన పిల్ల పల్లెలో కుర్చీ వేసుకుని వంద రూపాయల గార తీస్తూ ఎట్లా బతుకుతుంది? సర్కారు పోస్టులు ఇవ్వదు, సొంతంగా గిట్టుబాటు కాదు. నేను అడిగేది రెండూ కలిపి. ప్రతి పెద్ద సర్కారు దవాఖానాలో పూర్తి జీతంతో డెంటల్ డాక్టర్. ఆ డాక్టర్ కింద చుట్టుపక్కల మండలాల్లో ముగ్గురు నలుగురు థెరపిస్టులు. వీళ్లు బడుల్లో, అంగన్‌వాడీల్లో చూసి పంపే కేసులతో డాక్టర్ హునర్ కూడా పనికొస్తుంది. పైన డాక్టర్ లేకపోతే థెరపిస్ట్ చీటీ రాసి ఎక్కడికి పంపాలి? ఒకరు లేకపోతే ఇంకొకరు బేకార్.

అడిగేది కొత్తగా కూడా కాదు. ఆయుష్మాన్ భారత్ కింద, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లుగా పేరు మారిన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటి. కాగితం మీద ఉంది. చేసే చేతులు లేవు. సామాను కూడా ఖరీదైనది కాదు. పుచ్చును ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్క, మిషన్ లేకుండా చేత్తోనే గుంత శుభ్రం చేసి నింపే గ్లాస్ అయోనమర్ సిమెంటు, రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆ చుక్క వేసిన చోట పన్ను నల్లబడుతుంది, అది ముందే చెప్పాలి. కానీ పుచ్చు ఆగుతుంది, సూది లేదు, డ్రిల్లు లేదు, బిడ్డ ఏడవదు. కరెంటు లేని బడి వరండాలో కూడా చేయొచ్చు.

నా మష్వరా ఇది. మొదట, ఇప్పటికే ఉన్న డెంటల్ హైజీనిస్టులకు అదనపు తాలీం ఇచ్చి హద్దు పెంచాలి. రెండోది, కొత్త పిల్లలకు కనీసం రెండు మూడేళ్ల కోర్సు, అందులో సగం కాలం ఉస్తాద్ కళ్లముందు మరీజ్‌ల మీద పని. ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న ఫెహ్‌రిస్త్ చట్టంలో రాసి, దవాఖానా గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలి. పెద్దవాళ్ల పళ్లు పీకడం, రూట్ కెనాల్, ఆపరేషన్, ఇవన్నీ డాక్టర్‌వే. మూడోది, ముందు ఒకటి రెండు జిల్లాల్లో పెట్టి చూడాలి. ఫ్లోరైడ్ తిన్న మా జిల్లా కంటే హఖ్‌దార్ జిల్లా ఏముంది? మైనారిటీ గురుకులాలు, మదర్సాలు కూడా లెక్కలో ఉండాలి.

సర్కారును అడుగుతున్నాను కాబట్టి మన ఇంటిని కూడా అడగాలి. వజూలో మూడుసార్లు నోరు పుక్కిలించే ఉమ్మత్ మనది. మిస్వాక్ మనకు సున్నత్. మరి మన షాదీల్లో భోజనం అయ్యాక జర్దా పాన్ పళ్లెం తిప్పడం ఎక్కడి సున్నత్? గుట్కా నమిలి, దవడ బిగుసుకుని, రెండు వేళ్లు పట్టనంత నోరు తెరుచుకునే జవాన్లు మీ గల్లీలో లేరా? ఆ బిగుసుకోవడం క్యాన్సర్‌కు ముందు మెట్టు కావచ్చు. తెల్ల మచ్చ, మానని పుండు మొదట్లో చూసి చెప్పగలిగే కన్ను దగ్గర్లో ఉంటే ఎన్ని జానాలు బతుకుతాయి! థెరపిస్ట్ ఇలాజ్ చేయకపోయినా, చూసి పంపిస్తే చాలు. ఇంకొకటి, పాల పళ్లే కదా ఊడిపోతాయిలే అని రాత్రి నోట్లో తియ్యటి పాల సీసాతో బిడ్డను నిద్రపుచ్చడం ఆపుదాం. పాల పన్ను నొప్పి కూడా నొప్పే. కింద వచ్చే పన్నుకు జాగా పట్టేది అదే.

మొన్న భువనగిరి పోయినప్పుడు ఖాలా దాల్చాలో రొట్టె నానబెట్టుకుని తింటున్నది. ఖిల్లా మీద ఎండ పడుతున్నది. మూడు పళ్లు లేని చోట కొత్తవి పెట్టించుకుందాం అంటే, "అబ్ క్యా కర్నా బేటా, ఉమర్ హోగయీ" అని నవ్వింది. తర్వాత పక్కన ఆడుకుంటున్న మనవరాలిని పిలిచి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి నాకు చూపింది. వెనక దవడలో ఒక చిన్న నల్ల చుక్క.

"ఇదిగో, ఇప్పుడు చిన్నగనే ఉన్నది" అన్నది. "దీన్ని ఎవరికి చూపించాల్నో చెప్పు."

నా దగ్గర ఉన్న జవాబు ఆ పాత రైలే. మళ్లీ సికింద్రాబాద్. ఆ పిల్లను తీసుకుపోతాను, ఇన్షా అల్లా. కానీ ఆ గల్లీలో ఉన్న మిగతా పిల్లలందరినీ రైలెక్కించలేను కదా.